ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్: అంత జీతం ఎందుకిస్తారు, మనకు దారి ఉందా?

వార్షికోత్సవానికి హాస్టల్‌కు వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలు మారుతూ ఉంటాయి. ఒకప్పుడు "అన్నా, టి.టి.సి. చేస్తే మేలా, పాలిటెక్నిక్ మేలా?" అనేవారు. ఆ తర్వాత అందరి నోటా సాఫ్ట్‌వేరే. ఈ మధ్య సి.ఇ.సి., ఎం.ఇ.సి. చదివే పిల్లలు కొందరు "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో లక్షలకు లక్షలు జీతాలంట, మనలాంటోళ్ళకి ఇస్తారా?" అని అడుగుతున్నారు. ఎం.పి.సి., బై.పి.సి.లో సీటు రాలేదని కామర్సులో చేరామని చిన్నబుచ్చుకునే పిల్లలు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నందుకు మాకు సంతోషంగా ఉంది. అందుకే ఈసారి సావనీరులో దీని గురించే రాస్తున్నాం. ఇది రాస్తున్న మేం ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. ఒకరం చార్టర్డ్ అకౌంటెంట్లం, ఒకరం హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు ఆపరేషన్స్ విభాగంలో, ఒకరం ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తున్నాం.

ముందుగా పేరు సంగతి. బ్యాంకు అనగానే మనకు పాస్‌బుక్కు, స్కాలర్‌షిప్పు డబ్బులు పడే అకౌంటు, డ్వాక్రా లోను గుర్తుకొస్తాయి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అలాంటిది కాదు. మన దగ్గర డిపాజిట్టు తీసుకోదు, మనకు అప్పూ ఇవ్వదు. పెద్ద కంపెనీలకు, ప్రభుత్వాలకు పెట్టుబడి సమకూర్చిపెట్టడం, ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొనేటప్పుడు మధ్యలో ఉండి ధర తేల్చి బేరం కుదర్చడం దాని ప్రధానమైన పని. బి.కాం. పుస్తకాల్లో దీనినే "మర్చంట్ బ్యాంకింగ్" అంటారు. మన దేశంలో ఈ పనిని 1967లో గ్రిండ్లేస్ బ్యాంకు మొదలుపెట్టింది. స్టేట్ బ్యాంకు 1972లో ఈ రంగంలోకి వచ్చింది. మర్చంట్ బ్యాంకర్లు ఎలా నడుచుకోవాలో చెప్పే సెబీ నిబంధనలు 1992లో వచ్చాయి.

మాటలతో చెబితే అర్థం కాదు కాబట్టి అందరికీ తెలిసిన ఎల్.ఐ.సి.నే తీసుకుందాం. మన ఊళ్ళలో ఎల్.ఐ.సి. ఏజెంటు లేని వీధి ఉండదు. అప్పట్లో ఆ సంస్థ మొత్తం కేంద్ర ప్రభుత్వానిదిగా ఉండేది. అందులో చిన్న వాటాను ప్రజలకు అమ్మాలని ప్రభుత్వం నిర్ణయించింది. అమ్మాలంటే ముందు ధర తెలియాలి. ఎల్.ఐ.సి. విలువ ఎంత? భవనాలు, భూములు కలిపి లెక్కేస్తే చాలదు. కోట్లమంది పాలసీదారులు రాబోయే ఇరవై, ముప్ఫై ఏళ్ళపాటు కట్టబోయే ప్రీమియాల మీద వచ్చే లాభానికి ఈరోజు విలువ ఎంతో తేల్చాలి. మిల్లిమన్ అనే సంస్థ ఆ లెక్క వేసి, 2021 సెప్టెంబరు 30 నాటికి 5 లక్షల 39 వేల కోట్ల రూపాయల పైచిలుకు అని తేల్చింది. ఈ లెక్క ఎలా వేస్తారో కింద ఒక గేదె ఉదాహరణతో చెబుతాం.

ఆ తర్వాత పని మర్చంట్ బ్యాంకర్లది. ఎల్.ఐ.సి. ఇష్యూకు మొత్తం పదిమంది ఉన్నారు. కోటక్ మహీంద్రా క్యాపిటల్, యాక్సిస్ క్యాపిటల్, ఎస్.బి.ఐ. క్యాపిటల్ మార్కెట్స్, గోల్డ్‌మన్ శాక్స్, జె.పి. మోర్గాన్, నోమురా వంటివి అందులోవే. వాళ్ళు కంపెనీ చరిత్ర, లెక్కలు, కోర్టు కేసులు, రాబోయే ప్రమాదాలు అన్నీ రాసిన వందల పేజీల ముసాయిదా ప్రాస్పెక్టస్‌ను తయారుచేశారు. అది 2022 ఫిబ్రవరి 13న సెబీకి చేరింది. ఇంతలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది, మార్కెట్లు పడిపోయాయి. ముందు 5 శాతం అమ్మాలనుకున్న ప్రభుత్వం దాన్ని 3.5 శాతానికి తగ్గించింది. ఆ రోజుల్లో ఏ వారంలో అమ్మాలి, ఎంతకు అమ్మాలి, పెద్ద పెద్ద ఫండ్ల వాళ్ళు ఎంతకైతే కొంటారు అని ముంబయి, సింగపూర్, లండన్‌లకు ఫోన్లు చేస్తూ గడపడమే వాళ్ళ పని. చివరికి షేరు ధర 902 నుంచి 949 రూపాయల మధ్య అని ప్రకటించి, మే 4 నుంచి 9 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. ప్రభుత్వానికి సుమారు 20,557 కోట్లు వచ్చాయి.

ఇందులో మనవైపు వాళ్ళు గమనించవలసిన సంగతి ఒకటుంది. లక్షల సంఖ్యలో వచ్చిన ఆ దరఖాస్తులను సరిచూసి ఎవరికి ఎన్ని షేర్లు అని కేటాయించే రిజిస్ట్రారు పని హైదరాబాదులోని కెఫిన్ టెక్నాలజీస్ చేసింది. బేరం ముంబయిలో కుదిరినా లెక్క గచ్చిబౌలి వైపే తేలిందన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2022 మే 17న ఎల్.ఐ.సి. షేరు స్టాక్ ఎక్స్‌ఛేంజిలోకి వచ్చినప్పుడు ఎన్.ఎస్.ఇ.లో 872 రూపాయల దగ్గర మొదలైంది. 949 పెట్టి కొన్నవాళ్ళకు మొదటిరోజే నష్టం. పదిమంది పెద్ద బ్యాంకర్లు కూర్చుని నిర్ణయించిన ధర కూడా తప్పవచ్చు. బొంబాయిలో సూటు వేసుకున్నవాడికి అన్నీ తెలుసని మనం భయపడనక్కరలేదు.

మరి జీతం ఎందుకంత? ఇలాంటి బేరం కుదిర్చినందుకు బ్యాంకుకు ఫీజు వస్తుంది. సాధారణంగా అది సమకూర్చిన సొమ్ములో ఇంత శాతం అని ఉంటుంది. ప్రభుత్వ ఇష్యూలలో పేరు కోసం పోటీపడి చాలా తక్కువకే చేస్తారు గానీ, ప్రైవేటు కంపెనీల దగ్గర బాగానే వస్తుంది. వెయ్యి కోట్ల ఇష్యూలో రెండు శాతం అనుకున్నా ఇరవై కోట్లు. దాని మీద పనిచేసినవాళ్ళు పది పదిహేనుమంది కూడా ఉండరు. ఫ్యాక్టరీ లేదు, ముడిసరుకు లేదు, ఉన్నది మనుషులే. అందుకని వచ్చినదాంట్లో పెద్ద భాగం జీతాలకు, బోనసులకు పోతుంది. జీతం నెలనెలా వచ్చేది, బోనసు ఏడాది చివర బేరాలు కుదిరినదాన్నిబట్టి వచ్చేది. పైకి పోయేకొద్దీ జీతం కంటే బోనసే పెద్దది.

ఉద్యోగాల మెట్లు ఇలా ఉంటాయి. మొదట ఎనలిస్టు, తర్వాత అసోసియేట్, ఆ పైన వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్, చివరన మేనేజింగ్ డైరెక్టర్. వైస్ ప్రెసిడెంట్ అనగానే ఉపరాష్ట్రపతి అంతటివాడని మా ఊళ్ళో ఒకాయన అనుకున్నాడు. ఈ బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్లు వేలల్లో ఉంటారు. అమెరికాలో గోల్డ్‌మన్ శాక్స్ 2021లో మొదటి ఏడాది ఎనలిస్టు జీతాన్ని ఏడాదికి 85 వేల డాలర్ల నుంచి 1 లక్షా 10 వేల డాలర్లకు పెంచింది, బోనసు కాక. మన దేశంలో మంచి ఐ.ఐ.ఎం. నుంచి ముంబయిలో అసలు బేరాల విభాగంలో చేరినవారికి మొదటి ఏడాదే ముప్ఫై లక్షలకు అటూ ఇటూ ఇస్తారు.

పేపర్లలో వచ్చేది ఇంతవరకే. జీతం పెరగడానికి ముందు ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో అదే గోల్డ్‌మన్ శాక్స్‌లో పదమూడుమంది కొత్త ఎనలిస్టులు తమ పరిస్థితి మీద తామే ఒక సర్వే చేసుకున్నారు. అది బయటకు పొక్కింది. వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి ఐదు గంటల నిద్ర అని అందులో ఉంది. ఆదివారం కూడా కలుపుకుని రోజుకు పదమూడున్నర గంటలు. మన నాన్నలు, అమ్మలు కూలికి పోయి చేసే కష్టం మనకు తెలుసు కాబట్టి కష్టానికి మనం వెనకాడం. కానీ ఆరోగ్యం బాగాలేనివారు, ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకోవలసినవారు ఈ సంగతి తెలిసే అడుగు పెట్టాలి. ఉద్యోగానికి గ్యారంటీ కూడా లేదు. 1850లో పుట్టిన లేమన్ బ్రదర్స్ 2008 సెప్టెంబరు 15న దివాలా తీసింది. ప్రపంచమంతటా పాతికవేలమంది దాకా దాంట్లో పనిచేసేవారు. న్యూయార్కులో మనుషులు అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుకుని రోడ్డు మీదికి వచ్చిన ఫోటోలు అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చాయి. ముంబయి పొవాయిలో ఉన్న దాని బ్యాక్ ఆఫీసును మాత్రం జపాన్ వాళ్ళ నోమురా తీసుకుంది. బేరాలు చేసేవాళ్ళు పోయినా లెక్కలు తెలిసినవాళ్ళతో ఎవరికైనా పని ఉంటుంది.

రెండో రకం పనికి మన హైదరాబాదులోనే పెద్ద ఉదాహరణ ఉంది, సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబరు చివర్లో సత్యం కంపెనీ తనకు దారి చూపమని డి.ఎస్.పి. మెరిల్ లించ్‌ను పెట్టుకుంది. వాళ్ళు పుస్తకాలు చూడటం మొదలుపెట్టిన కొద్దిరోజులకే లెక్కల్లో తేడాలున్నాయని గ్రహించి 2009 జనవరి 6న తప్పుకున్నారు. మరునాడే రామలింగరాజు లేఖ బయటకు వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే అందులో రాశారు. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త బోర్డును వేసింది. కొనేవాడిని వెతకడానికి ఆ బోర్డు గోల్డ్‌మన్ శాక్స్‌ను, ఎవెండస్‌ను నియమించింది. నమ్మదగిన లెక్కలే లేని కంపెనీని అమ్మడం ఎంత కష్టమో ఆలోచించండి. దాదాపు యాభైవేలమంది ఉద్యోగుల బతుకు దాని మీద ఉంది. ఏప్రిల్‌లో వేలం జరిగింది. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టి 45 రూపాయల 90 పైసలు పాడాయి. టెక్ మహీంద్రాకు దక్కింది. మూడు నెలల్లో ఇదంతా అయిపోయింది. ఈ వృత్తిలో డబ్బు గురించి ఎంత చెప్పుకున్నా, దానికి నిజమైన విలువ ఇలాంటిచోటే అని మా అభిప్రాయం. ఇతరులు రాసిన లెక్కను నమ్మకుండా తిరగేసి చూసే అలవాటు ఉన్నవాడే ఇందులో నిలబడతాడు.

ఇక గేదె లెక్క. మీరందరూ చక్రవడ్డీ చదివారు కదా, దాన్నే తలకిందులు చేస్తే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరు రోజూ చేసే లెక్క అవుతుంది. ఒక గేదె ఉంది. దాణా, గడ్డి, మందులు పోను ఏటా 20,000 రూపాయలు మిగులుస్తుంది. ఐదేళ్ళు పాలిచ్చాక 20,000కు అమ్మేయవచ్చు. అమ్మేవాడు 75,000 చెబుతున్నాడు. కొనవచ్చా? మామూలుగా అయితే ఐదేళ్ళకు లక్ష, అమ్మితే ఇంకో ఇరవై వేలు, మొత్తం 1,20,000, తప్పకుండా కొనాలి అంటాం. కానీ ఐదేళ్ళ తర్వాత వచ్చే ఇరవై వేలు, ఇవాళ చేతిలో ఉన్న ఇరవై వేలు ఒకటి కాదు. మనకు నూటికి రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి అప్పు దొరుకుతుందనుకుందాం. మొదటి ఏడు చివర వచ్చే 20,000ను 1.12తో భాగిస్తే ఈనాటి విలువ 17,857. రెండో ఏటిది రెండుసార్లు భాగిస్తే 15,944. అలాగే మూడో ఏటిది 14,236, నాలుగోది 12,710, ఐదోది 11,349. గేదెను అమ్మగా వచ్చే 20,000కు కూడా ఈనాటి విలువ 11,349. అన్నీ కూడితే దాదాపు 83,445 రూపాయలు. 75,000కు వస్తే లాభమే, కొనవచ్చు.

అదే మన పేటలో చాలామందికి దొరికేది రెండు రూపాయల వడ్డీ అప్పే. ఏడాదికి 24 శాతం. ఇప్పుడు 1.24తో భాగించుకుంటూ పోతే అదే గేదె విలువ 61,730 రూపాయలకు పడిపోతుంది. 75,000 పెట్టి కొంటే నష్టం. గేదె అదే, పాలు అవే, మారింది అప్పు ధర ఒక్కటే. చవకగా డబ్బు దొరికేవాడు అదే ఆస్తిని ఎక్కువ పెట్టి కొనగలడు, ఖరీదైన అప్పు తెచ్చుకునేవాడు చూస్తూ ఊరుకోవలసిందే. ఎల్.ఐ.సి.కి వేసిన లెక్కయినా, సత్యంకు పాడిన 58 రూపాయలైనా మూలం ఇదే. మన ఇళ్ళలో పేదరికం ఎందుకు అంత తేలికగా పోదో కూడా ఈ లెక్కలో కొంత కనిపిస్తుంది.

ఇప్పుడు దారుల సంగతి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో అన్ని ఉద్యోగాలూ ఒకటి కావని ముందే గుర్తుపెట్టుకోవాలి. బేరాలు చేసే విభాగం చిన్నది, ఎక్కువగా ముంబయిలో ఉంటుంది, పెద్ద జీతాలు అక్కడే. లావాదేవీలు సరిచూసే ఆపరేషన్స్, రిస్క్, కంప్లయన్స్, కంప్యూటర్ విభాగాలు బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో హైదరాబాదులో ఆఫీసు తెరిచింది. జె.పి. మోర్గాన్, యు.బి.ఎస్.లకు కూడా ఇక్కడ పెద్ద ఆఫీసులున్నాయి. బి.కాం. చదివి ఆపరేషన్స్‌లో చేరితే సాధారణంగా ఏడాదికి మూడు నుంచి ఐదు లక్షల మధ్య మొదలవుతుంది. కోట్లు కావు. అయినా మన ఇంటి పరిస్థితిని నిలబెట్టడానికి అది చిన్నదేమీ కాదు. బయట "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగం" అని ప్రకటన కనిపిస్తే అది ఏ విభాగమో అడిగి తెలుసుకోండి.

మొదటి దారి సి.ఎ. మా ఉద్దేశంలో మన పిల్లలకు అన్నిటికంటే చేరువైనది ఇదే. ఇంటర్ తర్వాత ఫౌండేషన్, తర్వాత ఇంటర్మీడియెట్, ఫైనల్. బి.కాం.లో 55 శాతం, వేరే డిగ్రీలో 60 శాతం వచ్చినవారు ఫౌండేషన్ లేకుండానే ఇంటర్మీడియెట్‌లో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది, ఆ రెండేళ్ళూ ఎంతో కొంత స్టైపెండ్ వస్తుంది. ఒకేసారి గట్టెక్కేవాళ్ళు తక్కువే, రెండు మూడుసార్లు తప్పినా దండయాత్ర ఆపనివాళ్ళకే ఇది దక్కుతుంది. మంచి ఫర్ముల్లో ఆర్టికల్స్ చేసి ర్యాంకు తెచ్చుకున్న సి.ఎ.లను ముంబయి బేరాల విభాగాలు కూడా తీసుకుంటాయి.

రెండోది డిగ్రీ ఏదైనా చేసి క్యాట్ రాసి ఐ.ఐ.ఎం.కు వెళ్ళడం. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు. సీట్లలో ఎస్.సి.లకు 15 శాతం, ఎస్.టి.లకు 7.5 శాతం, ఓ.బి.సి.లకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. ఫీజు లక్షల్లో ఉంటుందని భయపడి చాలామంది దరఖాస్తే పెట్టరు. ఎస్.సి. విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ "టాప్ క్లాస్" స్కాలర్‌షిప్పు ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, గుర్తించిన సంస్థలో సీటు వస్తే ట్యూషన్ ఫీజు అదే భరిస్తుంది. సంఖ్య పరిమితం కాబట్టి చేరగానే కాలేజీ ఆఫీసులో అడగాలి. ఎస్.టి. విద్యార్థులకు ఇలాంటిదే వేరే పథకం ఉంది. ఒకటి మాత్రం దాచకూడదు. చదువులో రిజర్వేషన్ ఉన్నా ఈ ప్రైవేటు బ్యాంకుల ఉద్యోగాల్లో లేదు. ఇంటర్వ్యూలో మన పక్కన కూర్చునేవాడు ఇంగ్లీషు మీడియంలో, పెద్ద నగరంలో, డబ్బు గురించి మాట్లాడుకునే ఇంట్లో పెరిగినవాడు అయ్యుంటాడు. పోటీ సమానమైనదని మేం అబద్ధం చెప్పం.

మూడోది చాలామందికి తెలియని దారి. 2022 నుంచి ఢిల్లీ యూనివర్సిటీ డిగ్రీ సీట్లు సి.యు.ఇ.టి. పరీక్ష మీద ఇస్తున్నారు. ఆ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. అక్కడి శ్రీరాం కాలేజ్ ఆఫ్ కామర్స్ వంటి కాలేజీలకు పెద్ద బ్యాంకులు క్యాంపస్ ఇంటర్వ్యూలకు వస్తాయి. రిజర్వేషన్ ఉంది, ఫీజు మన ఊరి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ కంటే చాలా తక్కువ. దూరం, తిండి, భాష కష్టమే. హాస్టల్‌లో ఐదో తరగతి నుంచి అమ్మకు దూరంగా పెరిగిన మనకు దూరం కొత్త కాదు కదా.

ఇవి కాక సెబీ ఏర్పాటుచేసిన ఎన్.ఐ.ఎస్.ఎం. సంస్థ పరీక్షలున్నాయి. అందులో తొమ్మిదో సిరీస్ మర్చంట్ బ్యాంకింగ్ మీదే. ఫీజు లక్షల్లో ఉండదు, దాని పుస్తకం చదివితే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ వివరంగా తెలుస్తాయి. ఆ సర్టిఫికెట్టు ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. సర్కారీ ఉద్యోగమే కావాలనేవారు సెబీ గ్రేడ్ ఎ ఆఫీసరు పరీక్ష వైపు చూడవచ్చు. అక్కడ రిజర్వేషన్ ఉంది, బ్యాంకర్లు తెచ్చిన ప్రాస్పెక్టస్‌ను పరిశీలించి తప్పులు పట్టే కుర్చీలో మనమే కూర్చోవచ్చు.

ఒక హెచ్చరిక. "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అని లక్ష, లక్షన్నర అడిగే సంస్థలు ఊరూరా వెలిశాయి. మాకు తెలిసిన ఒక తమ్ముడి ఇంట్లో అరెకరం తాకట్టు పెట్టి కట్టారు. చివరికి దొరికింది మామూలు డిగ్రీతో వచ్చే డేటా ఎంట్రీ పనే. డబ్బు కట్టేముందు మా ముగ్గురిలో ఎవరినైనా అడగండి, వార్డెన్ గారి దగ్గర మా నంబర్లు ఉన్నాయి.

ఇంగ్లీషు గురించి భయపడేవారికి ఒక మార్గం. కంపెనీల ప్రాస్పెక్టస్‌లు సెబీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఎల్.ఐ.సి.దే తీసుకుని "రిస్క్ ఫ్యాక్టర్స్" అధ్యాయం రోజుకు ఒక పేజీ చదవండి. తెలిసిన సంస్థ కాబట్టి అర్థం త్వరగా పడుతుంది. ఆ అధ్యాయం ప్రింటు తీసి లైబ్రరీలో పెట్టాం, కష్టమైన మాటలకు పెన్సిలుతో తెలుగు రాశాం. హాస్టల్ కంప్యూటరులో ఎక్సెల్ ఉంటే గేదె లెక్కను అందులో వేసి చూడండి. ఈసారి మూడు రూపాయల వడ్డీకి, అంటే 36 శాతానికి వేయండి. జవాబు సుమారు 47,913 రూపాయలు రావాలి.